పొడుగు ఇంగ్లీష్ పదాలు ముక్కలు చేసే చదువుతున్నా, అయినా ఎదుటివాళ్ళకి అర్థం కావట్లేదు

నైట్‌డ్యూటీ_ఖమ్మం

అందరికీ నమస్తే అండీ. నేను పదో తరగతి దాకా తెలుగు మీడియం, తర్వాత బైపీసీ, బీఎస్సీ నర్సింగ్, ఇప్పుడు హైదరాబాద్‌లో ఒక ప్రైవేట్ హాస్పిటల్లో సర్జికల్ వార్డులో చేస్తున్నా, నాలుగేళ్ళయింది. యూకే వెళ్దామని ఓఈటీకి (నర్సులూ డాక్టర్ల లాంటి వాళ్ళకి పెట్టే ఇంగ్లీష్ పరీక్ష) ప్రిపేర్ అవుతున్నా. రీడింగ్, లిజనింగ్ ఏదోలా లాక్కొస్తున్నా గానీ స్పీకింగ్ దగ్గరికొచ్చేసరికి బండి ఆగిపోతోంది.

పోయిన ఆదివారం ఆన్‌లైన్లో మాక్ రోల్ ప్లే పెట్టారు, నా పార్ట్‌నర్ కేరళ అమ్మాయి. నేను పేషెంట్‌కి కెథీటర్ (మూత్రం పోవడానికి పెట్టే గొట్టం) పెడతామని చెప్తున్నా, ఆ అమ్మాయి సారీ అంది, మళ్ళీ కెథీటర్ అన్నా, మళ్ళీ సారీ అంది, మూడోసారి ఇంకా గట్టిగా అన్నా (గట్టిగా అంటే అర్థమవుతుందని మనకో నమ్మకం కదా), లాభం లేదు. చివరికి చాట్‌లో టైప్ చేస్తే "ఓ, క్యాథిటరా!" అంది. రోజుకి పది సార్లు చేత్తో పట్టుకునే వస్తువు పేరు నాకు చెప్పడం రాలేదన్నమాట. ఆ పూట అన్నం కూడా సయించలేదు.

కోచింగ్ సార్ ఏమంటారంటే పొడుగు మాటల్ని సిలబుల్స్‌గా, అంటే ఒక్క ఊపులో పలికే ముక్కలుగా విరిచి చదవమంటారు. సరే అని ఒక 200 పేజీల నోట్‌బుక్ పెట్టి అన్నీ తెలుగులో రాసుకున్నా. కో-లె-సిస్-టెక్-టో-మీ (గాల్‌బ్లాడర్ తీసేసే ఆపరేషన్), డీ-టీ-రి-యో-రే-షన్, స్ఫిగ్-మో-మా-నో-మీ-టర్ (బీపీ చూసే మిషన్), ఇలా. పొద్దున్నే ఎక్కాలు చదివినట్టు చదువుతున్నా. ఒక్క ముక్క వదలకుండా అప్పజెప్పేస్తా, కానీ మొన్న సార్ విని "రోబో మాట్లాడినట్టుంది" అన్నారు. విరవమన్నదీ ఆయనే, రోబో అన్నదీ ఆయనే.

నా డౌట్లు ఏంటంటే, అసలు విరవడానికి రూల్ ఉందా లేక ఎవరిష్టం వాళ్ళదా? డిక్షనరీలో మాట మధ్యలో చుక్కలు పెట్టి ఒకలా విడగొడతారు, దాని కిందే ఉచ్చారణలో ఇంకోలా ఉంటుంది, ఏది నమ్మాలి? ఏ ముక్కని ఒత్తి పలకాలో చూడగానే తెలిసే మార్గం ఏమన్నా ఉందా, లేక బట్టీయేనా? బట్టీ అయితే బట్టీయే అని చెప్పేయండి, ఏడ్చుకుంటూ చదువుకుంటా.

---

సెలైన్‌బాటిల్

చెల్లీ, నేనూ ఆ గోతిలో పడి లేచినదాన్నే. ఇంగ్లాండ్ వచ్చి ఐదేళ్ళు. నువ్వు విరవడం బానే విరుస్తున్నావు, విరిచిన ముక్కలన్నిటికీ సమానంగా అన్నం పెడుతున్నావు, అదీ తప్పు. ఇంగ్లీష్‌లో ఒక ముక్క కడుపు నిండా తింటుంది, మిగతావి పస్తులుంటాయి.

మన మెడికల్ పదాలకి ఒక అదృష్టం ఉంది, తోక చూస్తే ఏ ముక్క ఒత్తాలో తెలిసిపోతుంది. ముందు నుంచి చదవకు, తోక పట్టుకో. ఆపరేషన్ చేసి తీసేసేవి అన్నీ ఎక్టమీతో అయిపోతాయి కదా, ఒత్తు ఎప్పుడూ ఆ 'ఎక్' మీదే. అపెండెక్టమీ, హిస్టరెక్టమీ, మ్యాస్టెక్టమీ, నీ కోలెసిస్టెక్టమీ, అన్నీ అంతే. వాపు అని చెప్పే ఐటిస్‌లో 'ఐ' మీద. అపెండిసైటిస్‌లో 'సై' ఒక్కటే పెద్దగా వినపడాలి, ముందున్నవన్నీ దానికి మెట్లు. ఓసిస్ అయితే 'ఓ' మీద, సిరోసిస్, డయగ్నోసిస్. గడ్డలకి వచ్చే ఓమాలో కూడా 'ఓ' మీదే, కార్సినోమా. లోపలికి గొట్టం పెట్టి చూసే ఆస్కపీలో 'ఆస్' మీద, శాస్త్రాలన్నిటికీ ఆలజీలో 'ఆ' మీద. రక్తం సంగతి చెప్పే ఈమియాలో 'ఈ' మీద, అనీమియా, సెప్టిసీమియా. ఈ ఏడెనిమిది తోకలు వస్తే నీ వార్డులో సగం మాటలు వచ్చినట్టే. ఒక్కటి మాత్రం చూసుకో, మెటాస్టసిస్ చివర సిస్ ఉంది కదా అని మోసపోకు, అది ఓసిస్ కాదు, దాంట్లో ఒత్తు 'టా' మీద.

ప్రాక్టీస్ కూడా వెనక నుంచే చెయ్యి. నేను రాత్రి డ్యూటీలో ఇలా గొణుక్కునేదాన్ని: టమీ. టెక్టమీ. సిస్‌టెక్టమీ. లిసిస్‌టెక్టమీ. కాలిసిస్‌టెక్టమీ. ప్రతిసారీ 'టెక్' దగ్గరే దెబ్బ పడాలి, ముందు చేర్చినవి జర్రున జారిపోవాలి. ముందు నుంచి మొదలెడితే ఏమవుద్దంటే బలమంతా 'కో' మీదే అయిపోయి, అసలు చోటుకి వచ్చేసరికి ఊపిరి ఉండదు.

నువ్వు కెథీటర్ అన్నప్పుడు జరిగింది అదే. వాళ్ళ చెవి ముందు ఒత్తు ఎక్కడుందో వెతుకుతుంది, నువ్వు 'థీ' మీద ఒత్తావు, వాళ్ళు 'థీ' మీద ఒత్తు ఉన్న మాట ఏముందా అని బుర్రలో వెతికారు, దొరకలేదు. అక్కడ 'క్యా' ఒక్కటి పెద్దగా అని మిగతాది నంగి నంగిగా అన్నా సరిపోయేది. ఇంకో మాట, మీటర్ ఉన్న పరికరాలన్నిటికీ మనం మీటర్‌ని సాగదీస్తాం, థర్మామీటర్ అని. వీళ్ళు మీటర్‌ని మింగేస్తారు. థ-'మా'-మిట. స్ఫిగ్మోమనామిటర్ అంతే, 'నా' మీద ఒత్తు, ఆరు సిలబుల్స్‌లో నాలుగోది.

---

గురులఘువు

రిటైర్డ్ తెలుగు పండితుణ్ణి, ఇంగ్లీష్ చర్చలో నాకేం పని అనుకోకండి. మనవరాలికి బళ్ళో సిలబుల్స్‌కి చప్పట్లు కొట్టిస్తున్నారు, ఆ పిల్ల "తాతయ్యా, స్కూల్‌కి ఎన్ని చప్పట్లు" అంటే నేను రెండు కొట్టాను. ఒకటేనంట! నేను నా జీవితమంతా ఇస్కూలు అన్నాను మరి, మూడు కొట్టనందుకు సంతోషించాలి.

అమ్మా, మీ ఇబ్బందికి మూలం మన నోటి అలవాటులో ఉంది. తెలుగు అజంత భాష, మాట చివర అచ్చు లేకపోతే మనకి తలుపు తీసి వదిలేసినట్టుంటుంది. అందుకే బస్ బస్సు అయింది, రోడ్ రోడ్డు అయింది, ఒక సిలబుల్ మాట రెండయి కూర్చుంది. ఇది ఒకటి. రెండోది మాత్రల సంగతి. లఘువుకి ఒక మాత్ర, గురువుకి రెండు, పద్యం చదివినా పాలవాడితో మాట్లాడినా మనం ఆ లెక్క తప్పం. ఎంత చిన్న లఘువైనా దాని ఒక్క మాత్ర దానికి గ్యారంటీ. ఇంగ్లీష్‌లో లఘువుకి గ్యారంటీ లేదు. గురువు పక్కన ఉంటే నలిగిపోతుంది, ఒక్కోసారి మాయమే అయిపోతుంది. కంఫర్టబుల్ అని మనం నాలుగూ తూకం వేసి పలుకుతాం, డిక్షనరీ తీసి చూస్తే కంఫ్-ట-బుల్, మూడే. మధ్యలో ఉండాల్సింది ఎటుపోయిందో అడిగే నాథుడు లేడు.

ఇంకొక తేడా కూడా ఉంది, నాకు భలే నచ్చింది. తెలుగులో గురువు ఎందుకు గురువయిందో కంటికి కనపడుతుంది, దీర్ఘం ఉంటుంది, లేదా పక్కన సంయుక్తాక్షరం ఉంటుంది, లేదా సున్నా ఉంటుంది. కూర్చున్న చోటు నుంచి కదలదు. ఇంగ్లీష్ గురువు అలా కాదు, వెనక ప్రత్యయం వచ్చి తగిలితే లేచి పక్క సీట్లోకి జరుగుతుంది. మీ హాస్పిటల్ మాటలే చూడండి. అనస్థీజియాలో ఒత్తు 'థీ' మీద. అనస్థెటిక్‌లో 'థె' మీద. అదే ఆ డాక్టర్ని అనాలంటే అ-'నీస్'-థ-టిస్ట్, ఒత్తు ముందుకొచ్చేసింది, ఇందాక నలిగిపోయిన ముక్కే ఇప్పుడు పెళ్ళికొడుకు. 'ప్యా'-ర-లైజ్, ప-'రా'-ల-సిస్, ప్యా-ర-'లి'-టిక్ కూడా అంతే. (పెరాలసిస్ వచ్చింది అని మా ఊళ్ళో ముసలమ్మలు అనేవాళ్ళు, వాళ్ళు 'రా' మీదే ఒత్తేవాళ్ళు, అంటే ఒక్క మాటయినా మనం మొదటి నుంచీ సరిగ్గానే అన్నాం.)

కాబట్టి మీ నోట్‌బుక్ పారేయొద్దు. తెలుగులో రాసుకోవడం తప్పు కాదు, దీర్ఘాలు ధారాళంగా వేయడం తప్పు. డీ, టీ, మో, మా, నో, మీ అని అన్నిటికీ దీర్ఘాలిచ్చారు, చదివేటప్పుడు నోరు వాటన్నిటికీ రెండేసి మాత్రలు ఇస్తుంది, పాపం దాని తప్పేముంది. అన్నీ హ్రస్వాలు వేసి ఒక్కదానికే దీర్ఘం వేసి చూడండి: డి-టి-రి-అ-'రే'-షన్.

---

సెలైన్‌బాటిల్

మాస్టారూ, లఘువుకి గ్యారంటీ లేదన్న మాట నేను మా వార్డులో ఫ్రేమ్ కట్టించి పెట్టుకుంటా 😀 కానీ అన్నీ హ్రస్వాలే అంటే కూడా కుదరదండీ. మాట బాగా పొడుగయితే పెద్ద ఒత్తుతో పాటు ముందెక్కడో ఒక చిన్న ఒత్తు కూడా ఉంటుంది. హైపర్‌టెన్షన్‌లో పెద్దది 'టెన్' మీద, అయినా 'హై' నలగకూడదు. దాని వెనకున్న 'పర్' కూడా వినపడాలి, లేకపోతే హైపరో హైపోనో తెలియదు, అక్కడ ప్రాణాలు పోతాయి. నేనైతే ఫోన్‌లో హ్యాండోవర్ ఇచ్చేటప్పుడు (పేషెంట్ల సంగతి తర్వాతి వాళ్ళకి అప్పజెప్పేటప్పుడు) హై బీపీ, లో బీపీ అని రెండోసారి విడిగా చెప్తా.

అలాంటిదే ఇంకోటి, ఫిఫ్టీన్, ఫిఫ్టీ. మొదటిదాంట్లో 'టీన్' గట్టిగా, రెండోదాంట్లో 'ఫిఫ్' గట్టిగా. మనవాళ్ళు రెండూ ఒకేలా అంటారు. మందు డోసు చెప్పేటప్పుడు మేము ఫిఫ్టీన్ అని ఊరుకోం, వన్ ఫైవ్ అని అంకెలు విడగొట్టి చెప్తాం. ఇది ఇప్పటి నుంచే అలవాటు చేసుకో చెల్లీ.

---

హైఫన్‌బాబు

డిక్షనరీ చుక్కల డౌట్ నాది, ఎందుకంటే ఆ చుక్కల మీదే పద్నాలుగేళ్ళుగా అన్నం తింటున్నా. చెన్నైలో జర్నల్స్ టైప్‌సెట్టింగ్.

సిస్టర్, ఆ చుక్కలు పలకడానికి కాదు. లైను చివర మాట పట్టకపోతే ఎక్కడ విరిచి హైఫన్ పెట్టొచ్చో అచ్చువాళ్ళకి చెప్పే గుర్తులు అవి. మెరియమ్ వెబ్‌స్టర్ వాళ్ళు కూడా ఈ మాట వాళ్ళ వివరణల్లో చెప్తారు, కానీ ఆ పేజీ ఎవరు చదువుతారు. కావాలంటే అబౌట్ అనే మాట తీసి చూడండి. పలికితే రెండు సిలబుల్స్, అ-బౌట్, కానీ చుక్క ఒక్కటి కూడా ఉండదు. ఎందుకంటే లైను చివర ఒంటరిగా ఒక్క అక్షరం వదిలేసి కింద లైనుకి పోవడం అచ్చులో బాగోదు, అంతే, నోటికీ దానికీ సంబంధం లేదు. మీకు కావాల్సింది కిందున్న ఉచ్చారణ లైను. దాంట్లో పైన నిలువుగా చిన్న గీత ఉంటుంది చూడండి, ఆ గీత ఏ ముక్కకి ముందు ఉంటే ఆ ముక్క మీద పెద్ద ఒత్తు. గీత కింద ఉంటే అది చిన్న ఒత్తు, పైన అక్క చెప్పిన హైపర్‌లో 'హై' లాంటిది. గీత లేని ముక్కలో తలకిందులైన e అక్షరం (ə) ఎక్కడ కనపడినా అది మాస్టారు చెప్పిన నలిగిన లఘువు, దాన్ని గొంతులోనే అని వదిలేయండి.

విరవడం ఎంత పెంటో చెప్తా. మేం వాడే టెక్ అనే సాఫ్ట్‌వేర్, డొనాల్డ్ కనూత్ తయారు చేసింది, దాంట్లో మాటలు విరిచే పద్ధతి ఆయన శిష్యుడు ఫ్రాంక్ లియాంగ్ 1983లో స్టాన్‌ఫర్డ్‌లో పీహెచ్‌డీగా చేశాడు. థీసిస్ పేరునే హైఫన్లతో విరగ్గొట్టి అచ్చేశాడు మహానుభావుడు. నాలుగు వేల పైచిలుకు అక్షరాల నమూనాలు పెట్టుకుని మిషన్ విరుస్తుంది, అది దారి తప్పే 14 మాటలకి విడిగా ఒక పట్టీ. ఆ పట్టీలో ప్రెజెంట్, ప్రాజెక్ట్ ఉంటాయి, వాటిని ఎక్కడా విరవొద్దని రాసి ఉంటుంది. ఎందుకంటే ప్రెజెంట్ అంటే బహుమతి అయితే ఒత్తు ముందు, విరిచేది ఎస్ తర్వాత. ప్రిజెంట్ చేయడం అయితే ఒత్తు వెనక, విరిచేది మొదటి 'ఈ' (e) అక్షరం తర్వాత. స్పెల్లింగ్ ఒకటే, మిషన్‌కి అర్థం తెలియదు, అందుకని ముట్టుకోకు అన్నారు. అంటే విరవడం అక్షరాల్ని బట్టి కాదు, ఒత్తుని బట్టి. మీరు ముందు విరిచి తర్వాత ఒత్తు వెతుకుతున్నారు, అది తిరగేయాలి.

నా చేతిలో కూడా ఒకటి జరిగింది. కొత్తలో ఒక మెడికల్ జర్నల్ పేజీలో థెరపిస్ట్ అనే మాట మొదటి మూడు అక్షరాల దగ్గర విరిగి, పై లైను చివర 'ద' అని మిగిలి, కింద లైను మొదట్లో ఏ మాట పడిందో స్పెల్లింగ్ రాసుకుని చూడండి. ప్రూఫ్‌లో నేను చూడలేదు, క్లయింట్ చూశాడు. ఆ వారం నేను ఎవరి మొహమూ చూడలేదు.

---

మనభాష_మనిష్టం

ఇంత అవసరమా అసలు. మనం మాట్లాడే ఇంగ్లీష్ మన ఇంగ్లీష్. ఫ్రెంచ్ వాడు వాడి యాసలో మాట్లాడితే ముద్దుగా ఉందంటారు, మనం మాట్లాడితే తప్పంటారు. థరూర్ గారు 2018లో ఆ 29 అక్షరాల ఫ్లాక్సినాసినైహిలిపిలిఫికేషన్ అని ట్వీట్ చేస్తే దేశమంతా నోరెళ్ళబెట్టి డిక్షనరీలు తీసింది, ఇదంతా బానిస బుద్ధి. డెవలప్‌మెంట్‌ని డి-'వె'-లప్‌మెంట్ అనకపోతే డెవలప్ అవ్వమా?

---

గురులఘువు

నాయనా, మన యాస మనకుండాలి, నేనూ ఆ పక్షమే. కానీ ఆ అమ్మాయి ముద్దుగా వినపడాలని అడగలేదు, కెథీటర్ అంటే ఎదుటి మనిషికి తెలియాలని అడిగింది. పైగా అర్థం కానిది తెల్లదొరకి కాదు, మన దేశంలోనే ఇంకో రాష్ట్రం పిల్లకి.

అన్నట్టు మీ థరూర్ గారి మాటకి కూడా సెలైన్ బాటిల్ అమ్మాయి చెప్పిన తోక సూత్రమే. పన్నెండు సిలబుల్స్, చివర షన్ ఉంది, దాని ముందు ముక్క 'కే', ఒత్తు అక్కడే. షన్‌తో అయ్యే మాటలు ఎంత పొడుగున్నా అంతే. మనవరాలి దగ్గర నేర్చుకున్నా.

---

క్విజ్‌పిచ్చోడు

పొడుగు పదం అన్నారు కాబట్టి ఆగలేకపోతున్నా. డిక్షనరీల్లో ఉన్న 45 అక్షరాల మాట ఒకటుంది, ఊపిరితిత్తుల జబ్బు పేరు: న్యూమనో-అల్ట్రా-మైక్రోస్కాపిక్-సిలికో-వాల్కేనో-కోనియోసిస్. 19 సిలబుల్స్, ఒత్తు చివరి నుంచి రెండోదాని మీద, 'ఓ'సిస్ కదా. 1935లో అమెరికాలో పజిళ్ళ సంఘం ప్రెసిడెంట్ ఒకాయన, అతి పొడుగు మాట కావాలని కూర్చుని అల్లిందే ఇది, ఏ డాక్టరూ వాడడు, సిలికోసిస్ అని తేల్చేస్తారు. విడగొట్టి చూస్తే ఏమీ లేదు, సిలికా దుమ్ము, అగ్నిపర్వతం, ఊపిరితిత్తి. అన్నీ రైలు పెట్టెల్లా తగిలించారు.

యూకే వెళ్తున్నారు కాబట్టి ఒకటి, లాబొరేటరీ. అక్కడ ల-'బా'-ర-ట్రి అంటారు, అమెరికాలో 'ల్యా'-బ్ర-టోరి. మనం అనేది ఈ రెండూ కాదు. ల్యాబ్ అనేసి తప్పించుకోండి.

---

నైట్‌డ్యూటీ_ఖమ్మం

అందరికీ చాలా థ్యాంక్స్ అండీ, మూడు వారాలయింది చెప్పి, డ్యూటీలు మారి రాలేకపోయా. నోట్‌బుక్ మొత్తం మళ్ళీ రాశా. మాస్టారు చెప్పినట్టు దీర్ఘాలు పీకేశా, అక్క చెప్పినట్టు తోకల వారీగా పేజీలు పెట్టా, ఎక్టమీ పేజీ ఒకటి, ఐటిస్ పేజీ ఒకటి. విరిచే గీతలు తీసేసి ఒత్తే ముక్క కింద ఎర్ర పెన్నుతో గీత పెడుతున్నా, ఒక మాటకి ఒకే గీత. ఆశ్చర్యంగా ఒత్తు తెలిస్తే విరవడం దానంతటదే వస్తోంది, నోరే విరుచుకుంటోంది. ఫోన్లో రికార్డ్ చేసుకుని వింటే మొదట్లో నవ్వొచ్చింది, ఒత్తాల్సిన చోట అరిచినట్టుంది, ఇప్పుడు కొంచెం మనిషి మాట్లాడినట్టే ఉంది. మొన్న మాక్‌లో అదే కేరళ అమ్మాయి పడింది, ఐదు నిమిషాల్లో ఒక్కసారి కూడా సారీ అనలేదు.

కొత్త తలనొప్పి ఒకటే. నిన్న మార్నింగ్ షిఫ్ట్ హ్యాండోవర్లో మంచి ఊపు మీద బెడ్ నంబర్ ఆరు, పోస్ట్ ఆప్ కాలిసిస్‌'టెక్'టమీ అన్నా. మా వార్డులో దాన్ని అందరూ ల్యాప్ కోలీ అనేస్తారు. మా ఇన్‌ఛార్జ్ సిస్టర్ కేస్ షీట్ లోంచి తలెత్తి నా వంక చూసి, "ఏందమ్మా అది? ల్యాప్ కోలీ కేసేనా, ఇంకేమన్నా చేసిండ్రా?" అంది.

---

సెలైన్‌బాటిల్

అయ్యో చెల్లీ 😂 అక్కడున్నన్నాళ్ళు ల్యాప్ కోలీయే అను. స్ఫిగ్మోమనామిటర్ అయితే అసలే తీయకు, బీపీ ఆపరేటస్ అను, లేకపోతే వెతకడానికి వార్డ్ బాయ్‌ని స్టోర్‌కి పంపిస్తారు.